అన్నయ్యకు చెప్పని మాట

అరవై దాటాక ఆమె కుడికాలి ముందెముక వంగడం మొదలైంది. తండ్రి వదిలిపోయిన సోఫాల దుకాణంలో పెళ్లికి ముందు నుంచీ కవర్లు కుట్టేది ఆమే. ముందు గదిలో బేరాలాడేది అన్నయ్య. మిషను తొక్కుతుంటే మోకాలి కింద ఎముక సలిపేది. చెయ్యి ఆనిస్తే అక్కడ వేడిగా తగిలేది.

"పని ఎగ్గొట్టడానికి కుంటి వేషాలు," అన్నాడు అన్నయ్య. వచ్చినవాళ్ల ముందు ఆమె నడకను నడిచి చూపించి నవ్వించేవాడు. దొడ్డికాళ్ల దొరసాని అని పేరు పెట్టాడు. ఒకరోజు ఆమె వచ్చేసరికి మిషను ముందు వదిన చెల్లెలు కూర్చుని ఉంది.

"ఇక ఇంటిపట్టున ఉండు. నీ అవతారం చూసి బేరాలు పోతున్నాయి."

ఆమె తన కత్తెర తీసుకుని వచ్చేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పాజెట్ అనే ఎముకల జబ్బు అంది. "పాత ఎముక కరిగి కొత్తది పుట్టడం అందరిలోనూ ఉంటుంది. మీకది అదుపు తప్పింది. కొత్తది తొందర తొందరగా పుడుతోంది గానీ గట్టిగా ఉండట్లేదు. మందుతో ఆగుతుంది, వంగింది మాత్రం తిన్నగా కాదు. తోడబుట్టినవాళ్లున్నారా? కొన్ని కుటుంబాల్లో ఇది రక్తసంబంధీకులకూ వస్తుంది. ఒక రక్తపరీక్ష చేయించుకోమనండి."

"చెప్తానమ్మా," అంది. చెప్పలేదు.

సెలైన్‌లో మందెక్కించారు. కొన్నాళ్లకు నొప్పి తగ్గింది. మిషనుకు మోటారు పెట్టించుకుని ఇంట్లోనే కుట్టుకోసాగింది.

అన్నయ్య కూతురికి పాప పుడితే చూడబోయింది. అన్నయ్య టోపీ తీసి విసుక్కుంటున్నాడు. "ఏది కొన్నా బిగుతే. సైజులు తగ్గించేస్తున్నారు వెధవలు." ఆమె అతని నుదురు చూసింది. ముందుకు పొడుచుకొచ్చింది. డాక్టరమ్మ గది గోడ మీద తన జబ్బు బొమ్మల్లో అలాంటిదే చూసింది.

"ఇంకా పెద్దది కొనుక్కో అన్నయ్యా," అంది.

ఇంటికొచ్చి ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వుకుంది.

తర్వాత అన్నయ్యకు చెవులు మందగించాయి. బేరాల్లో వాళ్లొకటంటే ఈయనొకటి వినేవాడు. వచ్చినవాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఎవరు మోసుకొచ్చినా ఆమె కూర్చోబెట్టి టీ ఇచ్చేది.

చివరికి అతనే వచ్చాడు, పరీక్షల కాగితాలు పట్టుకుని.

"నీ జబ్బేనట. పుర్రెకు పట్టింది. ముందే వస్తే చెవులు కొంతైనా నిలిచేవేమో అన్నాడు డాక్టరు. నీకు చెప్పలేదా వాళ్లు, తోడబుట్టినవాళ్లు చూపించుకోవాలని?"

"చెప్పారు."

"ఏమన్నావు?"

ఆమె లేచి, అతని చెవి దగ్గర నోరు పెట్టి, పక్క వాటాల వాళ్లకు కూడా వినిపించేలా అరిచింది. "చెప్పారు. నేనే నీకు చెప్పలేదు."

అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకు జాలి వేస్తుందేమో అనుకుంది ఆమె. వేయలేదు. కడుపు చల్లబడింది, అంతే.

అతను గుమ్మం దాటుతుంటే మాత్రం వెళ్లి భుజం పట్టి ఆపింది. మళ్లీ చెవి దగ్గర అరిచింది.

"నీ కూతుర్ని నలభై దాటాక పరీక్ష చేయించుకోమను. దాని మీద నాకేం కోపం లేదు."