చాముండక్క సైకిలు, వెనకాలే బావగారి కారు

షెఫీల్డ్‌లో మా వీధి చివరింటి చాముండేశ్వరక్క యాభై దాటాక సైకిలు నేర్చుకుందండీ. నేర్చుకుందని ఊరికే అనేశాను గానీ, ఆ నేర్చుకోవడంలో పార్కులో చెట్లన్నిటినీ ఒక్కోసారన్నా గుద్దింది. బాతులైతే ఆవిడ హెల్మెట్ కనపడగానే చెరువులోకి దిగిపోయేవి.

ఆవిడది కొవ్వూరు. ఇక్కడ ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం. సూది గుచ్చినట్టే తెలీదు, అయిపోయాక కూడా జనం చెయ్యి చాపుకుని కూర్చునే ఉంటారు. మోకాళ్ళ నొప్పులని జీపీ డాక్టరమ్మ దగ్గరికెళ్తే సైకిలు తొక్కమంది. అక్కడ మొదలైంది కథ.

ఆవిడ మొగుడు గోపాల్‌రావు బావగారు రిటైరైన మత్తుమందు డాక్టరు. జీవితమంతా జనాన్ని పడుకోబెట్టి వాళ్ళ ఊపిరికి కాపలా కాసిన మనిషి. రిటైరయ్యాక కాపలాకి ఎవరూ దొరక్క పెళ్ళాం ఒక్కత్తే మిగిలింది. అక్క సైకిలెక్కితే చాలు, ఈయన వెనకాలే కారు తీసేవాడు. నాలుగు మూలలా లైట్లు టిక్కు టిక్కుమంటూ, నత్త కూడా హారను కొట్టి దాటిపోయే స్పీడులో. డిక్కీలో పెరుగన్నం, గ్లూకోజు, దుప్పటి, గొడుగులు. అక్క ఎక్కడాగితే అక్కడ దిగొచ్చి, వేలికి ఆక్సిజనూ, గుండె వేగమూ చూసే క్లిప్పు తగిలించేవాడు.

"నాకేం రోగమండీ?" అనేది అక్క.

"లేదని తేలాలి కదా" అనేవాడు.

షెఫీల్డ్ సంగతి తెలుసుగా, పాలప్యాకెట్టుకి వెళ్ళినా వైకుంఠం దాకా ఎక్కి దిగాలి. ఎత్తు రాగానే బావగారు సైకిల్ని డిక్కీలో పడేసి, అక్కని సీట్లో పడేసేవాడు. దాంతో ఆవిడకి ఒకటే కోరిక పట్టుకుంది. ఒక్క రోజు, పొద్దున్నుంచీ తన కాళ్ళతో తను, వెనకాల ఎవరూ లేకుండా తొక్కాలి. అది కుదరకపోతే సైకిలు అమ్మేస్తానని నా దగ్గర ఏడ్చింది కూడా. ఏడ్చిందంటే, మా వంటింట్లో వరదే.

వార్డులో పనిచేసే మార్గరెట్ చెప్పిందంట, ఫ్రాన్సులో లాట్ అని నది ఉంది, దాని పక్కన చదునైన చిన్న చిన్న రోడ్లు, బండి మొహమే కనపడదు అని. అక్క డ్యూటీల రోటాలో వారం సెలవు పెట్టేసింది. ఇంటికొచ్చి చెబితే బావగారు పేపరు మడిచి, "వెళ్దాం" అన్నాడు. ఆ మాటలోనే కారు ఉంది.

అక్క నా దగ్గరకొచ్చి, "నువ్వూ రావే. ముందు సీట్లో కూర్చుని ఆయన్ని మాటల్లో పెట్టు" అంది. ఆ పనికి యూకే మొత్తం వెతికినా నన్ను మించినవాళ్ళు దొరకరు కదండీ. వెళ్ళాను.

ఓడెక్కి, దిగి, ఒక రోజంతా కార్లో కూర్చుని నా నడుము కొయ్యబారిపోయాక చేరాం. అబ్బ, ఏం ప్రశాంతం! నది మన గోదారి ముందు పంటకాలవంతే, కానీ అద్దంలా ఆకుపచ్చగా, కదులుతోందో లేదో తెలీకుండా ఉంది. ఒడ్డున వాల్‌నట్ తోటలు. పైన తెల్లటి కొండ గోడలు, వాటికి పిచ్చుక గూళ్ళలా అంటుకున్న రాతి ఇళ్ళు. రోడ్డు ఎంత ఖాళీ అంటే, ఒక పిల్లి మధ్యలో పడుకుని ఉంది. బావగారు హారను కొడితే కళ్ళు తెరిచి, మమ్మల్ని పైనుంచి కిందకి చూసి, మళ్ళీ పడుకుంది.

ఆ రోడ్డు మొత్తానికి ఒకటే ట్రాఫిక్కు. మా కారు.

మొదటి రోజు అలాగే వెళ్తున్నాం. ముందు అక్క, వెనక మేం, లైట్లు టిక్కు టిక్కు. ఒక పల్లెలో గుమ్మం ముందు కూర్చున్న ముసలాయన మమ్మల్ని చూసి చటుక్కున లేచాడు. టోపీ తీశాడు. గుండెల మీద పెట్టుకుని తల వంచాడు. పక్కనున్న ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. శవయాత్ర అనుకున్నారండీ!

నేను నవ్వలేక చచ్చాను. అక్క మాత్రం నవ్వలేదు. సైకిలు ఆపి, కారు అద్దం మీద కొట్టింది.

"చూశారా? బతికుండగానే దండం పెట్టించారు."

"మర్యాదస్తులు" అన్నాడు బావగారు, క్లిప్పు తీస్తూ.

"అది లోపల పెట్టండి. రేపు ఒక్క రోజు నేనొక్కదాన్నే వెళ్తాను. కారు కనపడిందా, సైకిల్ని ఈ నదిలో తోసేసి వచ్చేస్తాను. మళ్ళీ జన్మలో ఎక్కను."

"సరే, కనపడను" అన్నాడాయన. వెనక రానని అన్లేదు, గమనించండి.

ఇక్కడ బావగారి గురించి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు డాక్టరే గానీ, శకునాల దగ్గర వాళ్ళ నాయనమ్మ కంటే నాలుగాకులు ఎక్కువ. గడప దాటేవాళ్ళని ఎక్కడికని అడిగితే ఆ ప్రయాణం చెడుతుందని ఆయన నమ్మకం. ఎవరైనా పొరపాటున అడిగారా, ఆ మనిషిని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపిస్తాడు. ఒకసారి మా ఇంటికొచ్చిన కొరియరు కుర్రాడికి కూడా తాగించాడు పాపం.

మర్నాడు పొద్దున్నే అక్క సైకిలుకి బొట్టు పెట్టి, వెనక సంచీలో పులిహోర పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఏ దారో చెప్పదు. బావగారు మెట్ల మీద నిలబడి నోరు తెరిచాడు, మూశాడు. అడిగేద్దామని గొంతు దాకా వస్తోంది, మింగుతున్నాడు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు అడుగు" అని గొణిగాడు.

"నాకేం పని బావగారూ? శకునం చెడిందంటే నా మీదకొస్తుంది" అన్నాను.

అక్క ఒక్క చూపు చూసి, "వెళ్ళొస్తానండీ" అని పెడలు తొక్కింది. ఆ చూపులో ఉన్న కొంటెతనం నేను పెళ్ళైన కొత్తలో కూడా చూపించలేదు.

ఆవిడ మలుపు తిరిగిందో లేదో మేం కార్లో ఉన్నాం. ఊరి చివర వంతెన దగ్గరికెళ్ళేసరికి రోడ్డు రెండైంది. నదికి అటొకటి, ఇటొకటి. ఫోను చేస్తే స్విచాఫ్. బావగారు కాసేపు స్టీరింగు మీద వేళ్ళు కొట్టి, "చాముండి జాగ్రత్తమనిషి. వెడల్పు రోడ్డే పట్టుకుంటుంది" అని ఇటువైపు పోనిచ్చాడు.

పోయాం, పోయాం. అక్క లేదు. బావగారి మొహం పాలిపోతోంది. ఇంతలో నీళ్ళకి అవతల, కొండ కింద, నూలుపోగంత రోడ్డు మీద ఎర్ర హెల్మెట్ కనపడింది. అక్కే! చెట్ల నీడలో హాయిగా, ఊయల మీద కూర్చున్నట్టు పోతోంది.

బావగారు కారు ఆపి దూకినంత పని చేశాడు. వంతెనేమో వెనకెక్కడో, ముందెక్కడో. అప్పుడే అక్క సైకిలు కూడా ఆగింది. దిగింది. వంగింది.

"గుండె నొప్పి" అన్నాడు బావగారు.

"చైను ఊడిందండీ" అన్నాను, నా కళ్ళకి అవతలి ఒడ్డున చీమ మీసం కూడా కనిపిస్తుంది.

"చామూ! ఊపిరి పీల్చుకో! గట్టిగా వదులు!" అని అరిచాడు నది మీదుగా. అటూ ఇటూ కొండల్లో చామూ, చామూ అని మోగింది. పెళ్ళాన్ని అలా పిలుస్తాడని నాకు ఆ రోజే తెలిసింది. షెఫీల్డ్‌లో అందరికీ మర్నాడే తెలిసిపోయింది, ఎలాగో నాకు తెలీదు.

అక్క తలెత్తి చూసింది. చెయ్యి కూడా ఊపలేదు. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, పుల్లతో చైను ఎత్తి, చక్రం పళ్ళలో కూర్చోబెట్టి, పెడలు గిర్రున తిప్పింది. తిరిగింది. చేతులు గడ్డికి తుడుచుకుని, గట్టు మీద కూర్చుని, మా ఎదురుగానే పులిహోర విప్పింది.

బావగారు అలా నిలబడిపోయాడు. చేతిలో క్లిప్పు ఉంది, తగిలించడానికి వేలు అవతలి ఒడ్డున ఉంది. చివరికి తన వేలికే పెట్టుకున్నాడు. నేను తొంగి చూశాను. గుండె పందెం గుర్రంలా కొట్టుకుంటోంది.

"బావగారూ, డిక్కీలో వెయ్యాల్సింది మిమ్మల్నే" అన్నాను.

ఆయన కోప్పడలేదు. అటే చూస్తూ, "తింటోంది" అన్నాడు. తర్వాత, "బానే తొక్కుతోంది కదా?" అన్నాడు. నన్నడిగాడో, నదినడిగాడో.

ఆ తర్వాత ఇవతలి ఒడ్డున ఆవిడతో సమంగా వెళ్ళలేదండీ. లైట్లు ఆర్పేసి, మామూలు స్పీడులో ముందుకెళ్ళిపోయాడు. రెండు రోడ్లూ ఇంకో వంతెన దగ్గర కలిసే ఊళ్ళో, కాఫీ కొట్టు బయట కూర్చున్నాం. నేను మాటల్లో పెట్టాలని చూశాను, ఆయన వినలేదు. కళ్ళు వంతెన మీదే. అయినా లేచి ఎదురెళ్ళలేదు, అదీ గొప్ప.

అక్క వచ్చింది. మొహం ఎర్రగా, మందారపువ్వులా ఉంది. సైకిలు గోడకానించి, ఎదురుగా కూర్చుంది.

"మీ వైపు రోడ్డు బాగుందా?" అని అడిగింది.

"నీ వైపే బాగుంది. నీడుంది" అన్నాడు బావగారు.

"రేపు కూడా ఒక్కదాన్నే వెళ్తాను."

"వెళ్ళు. నేను మధ్యాన్నానికి ఇలాగే ఏదో ఒక కాఫీ కొట్టులో ఉంటాను. నువ్వే చెప్పు ఏ ఊళ్ళోనో." "గడప దాటకముందే చెప్పు" అని కూడా అన్నాడు.

అక్క నవ్వింది. చేతులు చైను గ్రీజుతో బొగ్గులా ఉన్నాయి. బావగారు అలవాటు కొద్దీ టిష్యూ తీసి ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆగాడు. టిష్యూ డబ్బా బల్ల మీద ఆవిడ వైపు జరిపాడు, అంతే. అక్కే తుడుచుకుంది, తుడుచుకుంటూ చెంపకి ఇంత మసి రాసుకుంది. ఆయన చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం నోరు మెదపలేదు. ఆ మసితోనే ఆవిడ ఊరంతా రాణీలా తిరిగింది.