కొట్టని రెండో హారన్

నారాయణగూడ చౌరస్తాలో సాయంత్రం ఆరున్నరకి సిగ్నల్ పడితే, పచ్చలైటు రెండుసార్లు వచ్చి పోయినా మనం అక్కడే ఉంటాం. నిన్న అలాగే ఆగాను. నా ముందు ఒక పెద్ద బండి. దూరప్రయాణాలకి వాడే రకం, రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు. దాని వెనక లైటు నా కళ్ళల్లో పొడుస్తోంది. ఎరుపని చెప్పుకోవాలి గాని ఎరుపు కాదు, గులాబీ కలిసిన తెలుపు. హెల్మెట్ అద్దం దించినా, చెయ్యి అడ్డం పెట్టుకున్నా వేళ్ళ సందుల్లోంచి వస్తోంది. అతను బ్రేకు మీద కాలు వేశాడో తీశాడో తెలియడం లేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. రెప్పల వెనక ఆ మరక అలాగే నిలబడింది. కాలిన టంకం వాసన కూడా ఎక్కడినుంచో వచ్చినట్టనిపించింది. రాజలింగం గారు గుర్తొచ్చారు.

ఆయన బండ్ల వైరింగు పని చేసేవారు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో దుకాణం. బండి లోపల పెడితే ఆయన బయట కూర్చోవాలి, ఆయన లోపల కూర్చుంటే బండి బయట నిలబడాలి, అంత విశాలమైనది. బోర్డు లేదు. సందు మొదట్లో పూలమ్మే ఆవిడని అడిగితే దండ కట్టడం ఆపకుండా గడ్డంతో చూపించేది. మాది అశోక్ నగర్. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను హిమాయత్‌నగర్‌లో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. నాకూ ఆయనకీ చుట్టరికం లేదు, స్నేహం అనడానికి వయసులో పాతికేళ్ళ తేడా. అయినా నేను పని ఎలా చేస్తానో, ఎక్కడ తప్పు చేస్తానో చెప్పమంటే ఆయన పేరు లేకుండా చెప్పలేను.

మొదటిసారి భయపడే వెళ్ళాను. అప్పుడే కొన్న పాత బండి మీద శ్రీశైలం ఘాట్‌లో దిగుతున్నాను, వాన. వెనకొచ్చిన లారీ నాకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు కిందికి దిగి మరీ తిట్టాడు. "లైటుందా అసలు దానికి?" అన్నాడు. ఉంది, కానీ గుడిలో నూనె అయిపోతున్న ప్రమిద మాదిరిగా ఉంది. ఊరికి తిరిగొచ్చి, ఆన్‌లైన్‌లో దొరికిన వాటిలో అన్నిటికంటే ప్రకాశమైన ఎల్‌ఈడీ బల్బు తెప్పించి, బిగించమని రాజలింగం గారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి తిరిగి నా చేతిలోనే పెట్టారు.

"తెల్ల లైటు ఇది. ఎర్ర అద్దం ఎనుక పెడితే ఎర్రగ రాదు సారూ, పాలల్ల కుంకుమేసినట్టు అయితది."

"వెలుతురు బాగా వస్తుంది కదండీ?"

"వస్తది. గదే పరేషాన్. బండి ఉత్తగ నడుస్తున్నప్పుడు ఎనుక లైటు మెల్లగ మాట్లాడాలె. బ్రేకేసినప్పుడు గట్టిగ మాట్లాడాలె. ఇది రెండుసార్లూ ఒర్లుతది. ఎనుకొచ్చేటోనికి నువ్వు పోతున్నవో ఆగుతున్నవో ఏం సమజైతది?"

బండి ఒక రోజు ఉంచేయమన్నారు. మర్నాడు వెళ్ళేసరికి, గోరంత ఎర్ర ఎల్‌ఈడీలు వరసగా టంకం పెట్టిన చిన్న పలక ఒకటి పాత లైటు గూట్లో అమరి ఉంది. సరే, తీసుకెళ్దామని తాళం అడిగాను. ఇవ్వలేదు. సాయంత్రం ఆరు దాటాక, పూర్తిగా చీకటి పడకముందు రమ్మన్నారు. వెళితే తన పాత స్కూటర్ తాళం నాకిచ్చి, ఆయన నా బండి ఎక్కారు.

"నేను ముందు పోత. నువ్వు ఎనుక రా. నేను బ్రేకేస్త, ఇడుస్త. మంచిగుంటె ఒక్క హారన్ కొట్టు. బాగ లేకుంటె రెండు. ఎందుకు బాగ లేదో ఆనంక మాట్లాడుదాం."

"మీరే చూసుకోవచ్చు కదా, నేనెందుకు?"

"హెడ్‌లైటు నీది సారూ. ఎనుక లైటు నీది కాదు, ముఖం తెల్వని మనిషిది. గా మనిషినే అడగాలె గదా."

అలా నా బండిని మొదటిసారి వెనకనుంచి చూశాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా, మళ్ళీ వెనక్కి. వెనక లైటున్న ప్రతివాడూ దాన్ని ఇతరులకోసమే మోస్తాడని, తనకది ఒక్కసారీ కనబడదని ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా నాకు తట్టకపోవడం కొంచెం సిగ్గుగానే అనిపించింది. ఆ రోజు రెండు హారన్లు కొట్టాను, బ్రేకు వేసినప్పుడు తేడా చాలలేదు. ఆయన ముఖం చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. దిగి, నా భుజం మీద తట్టి, "రెండు కొట్టినోడే అసలు గిరాకి. ఒక్కటి కొట్టుడు అందరికీ వస్తది" అని లోపలికి వెళ్ళి టంకం కడ్డీ వేడి చేశారు. మూడో తిరుగుడుకి ఒక్క హారన్ కొట్టాను. అప్పుడు తాళం ఇచ్చారు. ఆ రోజునుంచి సారు పోయి తమ్మీ అయ్యాను.

ఆ వారమే ఆఫీసునుంచి ఒక సైటుకి వెళ్ళాల్సి వచ్చింది. నేను ముచ్చటపడి గీసిన ప్లాను మేస్త్రి చేతిలో సిమెంటు మరకలతో ఉంది. మెట్ల కొలతలు ఎండలో కనబడక, అతను వాటిని అందాజుగా వేసుకుంటున్నాడు. అంతవరకు నేను గీతలు మా బాస్ కంటికి అందంగా ఉండేలా గీసేవాణ్ణి. ఆ తర్వాత అంకెలు పెద్దవి చేశాను, వారానికోసారి సైటుకెళ్ళి "ఎక్కడ కనబడట్లేదు?" అని అడగడం మొదలుపెట్టాను. మా బాస్ నవ్వి, పెళ్ళి శుభలేఖలు అచ్చు వేసినట్టుందన్నాడు. అనుకోనీ. మెట్లు మాత్రం సరిగ్గా వచ్చాయి.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. నాలుగో ఏడు బండికి రెండు పక్కలా పెట్టెలు బిగించాను. అవి వెనక లైటుని సగం మింగేశాయి. ఇంకా ప్రకాశమైనవి, పెట్టెల మీద కూడా రెండు కావాలని రాజలింగం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పలకని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని పని చేస్తున్నారు. "ఈ నడుమ వచ్చే మాల్ అంత మసక తమ్మీ, పాత మాల్‌ల ఉన్న ఎలుగు లేదు" అన్నారు. అందుకని లెక్కకంటే ఎక్కువే పెట్టారు. సాయంత్రం మామూలుగానే ఆయన ముందు, నేను వెనక. ఆ రోజు మరీ నెమ్మదిగా నడిపారు. నా కొత్త పెట్టెలకి గీత పడకూడదని జాగ్రత్త పడుతున్నారనుకున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతూ బ్రేకు వేశారు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ముందున్న బండీ, మనిషీ, రోడ్డూ అన్నీ ఆ వెలుగులో మాయమైపోయాయి. స్కూటర్ పక్కకి తీసి గోడ వారకి ఆపుకున్నాను.

ఆయన ముందు ఆగి, వెనక్కి తిరిగి చూడకుండా, హారన్ కోసం వింటూ ఉన్నారు. మూడు రోజులు కూర్చుని చేసిన పని. పైగా పొద్దుట అడిగారు, "చాలా తమ్మీ? ఇంక జర పెట్టాల్నా?" అని, ఎన్నడూ లేని బెరుకుతో. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకొక సామెత ఉంది, ఆ ఏదో ఏమిటో అందరికీ తెలుసు. నేను మొహమాటానికి పోయాను. ఒక్క హారన్ కొట్టాను.

ఇంటికెళ్ళి ఆ మూడు లైట్ల మీదా ఎర్ర ప్లాస్టిక్ కాగితం రెండు పొరలు అంటించాను. పని జరిగిపోయింది, పెద్దాయన మనసూ నొప్పించలేదు అనుకుని హాయిగా నిద్రపోయాను. ఆరు నెలలు అలాగే తిరిగాను.

ఆరు నెలల తర్వాత హారన్ పని చేయడం లేదని బండి తీసుకెళ్ళాను. రాజలింగం గారు పని చూసి, అలవాటు ప్రకారం గుడ్డతో లైట్లు తుడుస్తున్నారు. చెయ్యి ఆగింది. కంటికి కనబడలేదు గాని గోటికి తగిలింది, కాగితం అంచు. నెమ్మదిగా ఒక పొర లేపారు, దాని కింద రెండోది.

"ఇదేంది తమ్మీ?"

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను, కాగితం ఆయన వేళ్ళకి అంటుకుని ఉంది.

"మరి ఒక్క హారన్ కొట్టినవు గదా?"

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నీ ఒక్క హారన్ చూస్కొని ఇంక ఆరు బండ్లకు గంతే ఎలుగు పెట్టిన. అందరు ఒక్కటే కొట్టిన్రు. ఒక్కడు మళ్ళ రాలె. నెట్‌ల కొంటున్రేమో, గందుకే వస్తలేరనుకున్న." కాగితాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని అడిగారు. "మాల్ మసక కాదన్నట్టు. నా కండ్లేనా?"

మిగతా లైట్ల మీది కాగితాలు నేనే పీకేశాను.

మర్నాడు నేనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. అవి ఆపరేషన్‌తో పోతాయన్నారు. ఎడమ కంట్లో మాత్రం నీటికాసులు కూడా ఉన్నాయట. దానితో పోయిన చూపు పోయినట్టే, ఉన్నది నిలుపుకోవడమే. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండా, "ఒక ఆరు నెలలు ముందు తీసుకురావలసింది" అంది. ఆవిడ ఆరు అనే ఎందుకు అందో తెలియదు, మాటవరసకే అయ్యుంటుంది. రాజలింగం గారు నా వైపు తిరిగి చూడలేదు. నేనూ చూడలేదు.

ఆపరేషన్‌కి ముందు ఆయన ఒక్కటే పట్టుబట్టారు. ఆ ఆరు బండ్లూ వెనక్కి పిలవాలి. ఫోన్లు చేశారు. "తప్పు నాదే, పైస అక్కర్లేదు, ఒక్కసారి బండి తెండ్రి" అన్నారు ప్రతివాళ్ళతోనూ. విద్యానగర్ నుంచి ఒకాయన, గాంధీనగర్ నుంచి ఇద్దరు, ఇలా ఒక్కొక్కరే వచ్చారు. అందరిదీ ఒకే మాట, "మంచిగనే ఉండె గదా అన్నా." ఒకాయన లైటు మీద నల్ల టేపు ఉంది. ఆరు సాయంత్రాలు నేను దుకాణంలో ఉన్నాను. ఆయన వేళ్ళతో తడిమి ఎల్‌ఈడీలు తీసేవారు, బండి ఓనరు ముందు నడిపేవాడు, నేను స్కూటర్ మీద వెనక. ఆయన సందు చివర నిలబడి వినేవారు. మొదటి రోజు నేను రెండు కొట్టాను, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. నాలుగోసారి ఒక్కటి కొట్టి తిరిగొస్తే, "నిజమేనా?" అని అడిగారు. ఆ ఒక్క మాట తప్ప నన్ను ఆయన ఏమీ అనలేదు. ఆ ఒక్క మాట చాలు. అప్పుడు ఏడుపొచ్చింది, హెల్మెట్ తీయకుండా నిలబడ్డాను.

కుడి కన్ను బాగానే వచ్చింది. ఎడమది సగమే మిగిలింది. దుకాణం మళ్ళీ తెరిచారు గాని లైట్ల పని ఇక చేయలేదు. బ్యాటరీలు, హారన్లు, స్టార్టర్లు చేసేవారు. లైటు కోసం ఎవరైనా వస్తే పక్క సందులో మరో దుకాణం చూపి, "ఎనుక నుంచి నువ్వు చూస్కో, వేరేటోన్ని కూడ చూడమను" అని చెప్పి పంపేవారు. నేను ఒకసారి, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది, అడిగేశాను. నేను ఆ రోజు రెండు కొట్టి ఉంటే మీ కన్ను దక్కేదా అని.

"ఏమో తమ్మీ, నాకేం ఎరుక? దక్కుతుండెనేమో." టీ గ్లాసు నా వైపు జరిపారు. "నువ్వు నా మనసు చూసినవు. నేను అడిగింది లైటు చూడమని."

ఆయన పోయి రెండేళ్ళయింది. దుకాణంలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పూలావిడ మాత్రం ఉంది.

నిన్న సిగ్నల్ దగ్గర కళ్ళు తెరిచి, రెండు కార్ల మధ్యలోంచి దూరి, ఆ పెద్ద బండి పక్కన ఆగాను. పాతికేళ్ళ కుర్రాడు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడిలా ఉన్నాడు, మెడలో కార్డు ఇంకా తీయలేదు. ఇలా చెప్పినప్పుడు మనుషులు మామూలుగా "నీకేం పని" అంటారు, నాకలవాటే.

"తమ్ముడూ, మీ వెనక లైటు కళ్ళల్లో కొడుతోంది. బ్రేకు వేసినా తెలియడం లేదు."

అతను వెనక్కి వంగి చూసుకోబోయాడు. కనబడదు కదా. మళ్ళీ నా వైపు తిరిగాడు.

"నిజమా అన్నా? నెల దాటింది పెట్టించి. మా దోస్తులందరు సూపర్ ఉన్నదన్నరు."

"అంటారు" అన్నాను.

పచ్చలైటు పడింది. అతను చెయ్యి ఊపి ఫ్లైఓవర్ వైపు కదిలాడు, నేను వెనక. పైకి ఎక్కుతూ ఒకసారి బ్రేకు వేశాడు, నేను చెప్పింది సరిచూసుకోవడానికే అయ్యుంటుంది. ఆ వెలుగు మళ్ళీ నా ముఖం మీద పడింది. ఆనాడు నేను స్కూటర్ ఆపుకున్న గోడ పక్కనే ఉంది. హారన్ మీద బొటనవేలు పెట్టాను.

రెండుసార్లు కొట్టాను.