డబ్బా కదిలితే మోగిన గంట

మంథనిల మా ఇంటామె పిండి గిర్ని నడుపుతది. పిండి పట్టించుకునేటోళ్లు గింజల డబ్బా తెచ్చి వరుసల పెట్టి కూరగాయలకు పోతరు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. కానీ ఎవరో ఒకరు కాలితోని పక్కోళ్ల డబ్బా వెనక్కి జరుపుతరు, ఇగ లొల్లి. నౌకరీ దిగినంక కంప్యూటర్ భాష జావా నేర్చిన నేను, ఆ లొల్లికి మందు నా కాడ ఉన్నదని బజారంతా చాటిన.

గోడకు కంప్యూటర్ తెర పెట్టిన. డబ్బా దించి మీట నొక్కితే తెర మీద ఒక గడి చేరాలె, పిండి పట్టుడైతే ఆ గడి పోవాలె. చేరినా పోయినా గంట మోగి, వరుసల ఎందరున్నరో పైన అంకె మారాలె. గడులు బుద్ధిగా వచ్చినయి, పోయినయి. గంట మోగలే. అంకె సున్నా కాడనే కూసుంది.

"ఏమయ్యా, నీ తెరకు చెవుడా?" అన్నది మా ఆమె. "పొద్దుగూకేలోపల మోగకుంటే దాన్ని పీకేస్త. రేపటి సంది మిర్చి గిర్ని కాడ నువ్వే కూసోవాలె. అప్పటిదాంక గా గడప మీద కూసొని వరుస చూడు."

మిర్చి గిర్ని అంటే నాకు హడల్. బజారు దిక్కు మొఖం పెట్టి గడప మీద కూసున్న.

"ఇప్పుడు ఎవరిది అయిపోయింది?" లోపటి నుంచి అడిగింది.

"నాకేమెరుక? గడప దాటి వచ్చేటోళ్లే కనవడుతరు. లోపట డబ్బాలు కదిలితే నాకెట్ల తెలుస్తది?"

నా మాట నాకే తగిలింది. ప్రోగ్రాంల మార్పు వినే ముక్క, లిజనర్‌ను, నేను బయటి చట్రానికి, అంటే విండోకు తగిలించిన. గడులేమో దాని లోపలున్న ఇంకో పెట్టెల, ప్యానెల్‌ల చేరుతున్నయి. విండోకు తనల నేరుగా పెట్టినదాని సంగతే తెలుస్తది తప్ప, ప్యానెల్ కడుపుల ఏం జరిగినా కబురు రాదు. అది కూడా నా లెక్కనే గడప మీద కూసుంది.

లేచి లిజనర్‌ను ప్యానెల్‌కు తగిలించిన. ఒకామె జొన్నల డబ్బా దించింది. గంట మోగింది, అంకె ఒకటైంది. పట్టుడైనంక పిండి ఎత్తుకున్నది. మళ్ల గంట, మళ్ల సున్నా.

"వదినె, మా అన్న పనిమంతుడే," అన్నది జొన్నలామె.

"ఇయ్యాల్టికి," అన్నది మా ఆమె.

ఆ ప్రోగ్రాం పుస్తకమంత ఉంటదని, కండ్లు మూసి ఆలోచించి తప్పు పట్టిన్నని బజార్ల చెప్పుకున్న. అసలు సంగతేందంటే, మార్చింది ఒక్క లైను. అది తట్టింది గడప మీది శిక్షల.

ఆ సాయంత్రం మిర్చి కాడ ఆమెనే కూసున్నది. నేను తెర కింద కుర్చీ ఏసుకున్న. మిర్చి ఘాటు అక్కడికీ వచ్చింది, తుమ్ములు తప్పలే. అయినా గంట మోగినప్పుడల్లా తుమ్ము ఆపుకొని మీసం దువ్విన.