ఇంకాస్త పోయించండి

నరసాపురం రేవులో ఐసు ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, పత్రికకు వార్తలు ఏరుకుంటూ నేను అక్కడికి వెళ్తుండేవాణ్ణి. గొట్టాల్లో అమ్మోనియా ఎంత నింపితే అంత చలి పుడుతుందని మేనేజరు గారి నమ్మకం. ఐసు గడ్డకట్టడం కాస్త ఆలస్యమైతే చాలు, చేతికర్రతో గొట్టాన్ని తట్టి "ఇంకాస్త పోయించండి" అనేవారు. అది కారి కూలీల కళ్లు మండితే, మందు బలంగా ఉందని సంతోషించేవారు.

లావు గొట్టాల బదులు ఫ్యాక్టరీలో గొట్టాలు బిగించే ఫిట్టరు సన్నవి తయారుచేశాడు. చలి పుట్టడానికి వాటి లోపలి గోడ అమ్మోనియాతో తడిస్తే చాలన్నాడు.

"అట్ల పెనానికి నూనె రాస్తామండి, గిన్నెడు పొయ్యం కదండి."

"నువ్వు ఫిట్టరువా, వంటవాడివా?" అన్నారు మేనేజరు గారు. సన్నగొట్టాలు మూలపడ్డాయి.

ఒకసారి అమ్మోనియా పీపాలు తెచ్చే ఓడ రాలేదు. రెండు రోజుల్లో చేపల పడవలు ఒడ్డుకొస్తాయి. ఐసు లేకపోతే చేపలన్నీ కుళ్లిపోతాయి. గత్యంతరం లేక సన్నగొట్టాలు బిగించనిచ్చారు. పీపాల అడుగున మిగిలిన అమ్మోనియాతోనే ఐసు దిమ్మలు గట్టిగా కట్టాయి.

పడవలొచ్చిన రోజు రేవులో మేనేజరు గారు ఆ దిమ్మల్ని చూసి పెదవి విరిచారు. "ఈ ఐసులో బలం లేదండి" అన్నారు నాతో.

గంపలో చేపల మీద ఐసు సర్దుతున్న ఒకావిడ తలెత్తకుండానే అంది:

"చేపకి చెప్పకండి బాబుగారూ, హాయిగా పడుకుంది."