కర్ర వదిలిన శుక్రవారం

మొన్న పక్కింటివాళ్ళ అల్లుణ్ణి లారీ గుద్దితే, కుర్ర ప్లీడరొకడొచ్చి, "మామ్మగారూ, కేసు తేలేదాకా ఈయన్ని వీధిలో నడవనివ్వకండి" అని నాకు అప్పజెప్పి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. బహ్రెయిన్‌లో ఈ మాటే వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

అప్పుడు నేను ముహర్రక్‌లో ఒకరింట్లో వంటా, తుడుపూ చేసేదాన్ని. మా ఆయన మీనా సల్మాన్ రేవులో గోడౌన్ కూలీ. ఒకరోజు పైనుంచి చెక్కపెట్టె జారి ఆయన మోకాలి మీద పడింది. ఆపరేషన్ చేస్తేగాని కాలు నిలవదని డాక్టరన్నాడు. కంపెనీవాళ్ళు మాత్రం కట్టు కట్టించి, చేతికో కర్రిచ్చి, "తగ్గిపోయింది, ఖలాస్, ఊరెళ్ళు" అన్నారు. ఊరెళ్తే ఆపరేషన్ ఎవడు చేయిస్తాడు? నేను పనిచేసే ఇంటావిడ దయతలిచి తన చుట్టం వకీలు దగ్గరికి పంపింది. ఆయన కంపెనీ మీద కేసు వేశాడు. పెద్దాయన, నాకర్థమయ్యే హిందీ మాట్లాడేవాడు. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు గనక ప్రతి కాయితమూ చదివి చెప్పేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకటే పాట: "బహెన్, జడ్జి చూసేదాకా కర్ర వదలొద్దను. నీ మొగుడి నోటికి తాళం వెయ్యి." తాళం వెయ్యడానికి అదేమన్నా బీరువానా?

మా ఆయనకి నొప్పికన్నా భక్తి ఎక్కువ. అక్కడ సెలవు శుక్రవారమే గనక ఆ రోజు మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన చేయించుకుని, కర్ర గోడకి ఆనించి, పాస్టరుగారి బల్లదాకా నడిచి, "ప్రభువు నా కాలు బాగుచేశాడు, స్తోత్రం!" అని సాక్ష్యం చెప్పేశాడు. అందరూ చప్పట్లు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని పళ్ళు నూరుకున్నాను. గోడౌన్ స్టోర్‌కీపరుదీ మా సహవాసమే. కుళ్ళుతో కాదు పాపం, సంతోషం పట్టలేక మర్నాడే మేనేజరుకి ఈ శుభవార్త చెప్పాడు.

సంగతి తెలిసి వకీలు కళ్ళజోడు తీసి బల్లమీద పడేశాడు. "అబద్ధమాడమన్నానా? ఊరుకోమన్నాను!" మా ఆయన నావైపు తిరిగి, "దేవుడు చేసిన మేలు దాచుకోమంటాడేంటే ఈయన?" అన్నాడు. ఆ మాట హిందీలో చెప్పకుండా మింగేశాను.

కోర్టులో కంపెనీ వకీలు దాన్నే పట్టుకున్నాడు. నడిచావా అని జడ్జి దుబాసీచేత అడిగించాడు. నడిచానన్నాడు ఈయన. అయితే నడవమన్నారు. కర్ర నా చేతికిచ్చి బయల్దేరాడు మహానుభావుడు. సగంలో మోకాలు మడతపడింది. కర్ర పారేసి, పరిగెత్తి జబ్బ పట్టుకున్నాను. "దేవుడు నడిపించాడన్నావు, మరి నన్నెందుకు పరిగెత్తిస్తావయ్యా?" అని కోర్టని కూడా చూడకుండా అరిచాను. ఏమంటోందని జడ్జి అడిగితే, మా వకీలు నాచేత హిందీలో చెప్పించుకుని అరబ్బీలో వినిపించాడు. జడ్జి నవ్వలేదు. వాచిన మోకాలివైపే చాలాసేపు చూశాడు.

ఆపరేషన్ కంపెనీయే చేయించాలని తీర్పొచ్చింది. మా ఆయన దానికీ సాక్ష్యం చెప్పాడు. అందులో వకీలు ఊసూ లేదు, నా ఊసూ లేదు. ఇండియా వచ్చేశాక ఆ కాలితోనే ఊరంతా తిరిగి తిరిగి, నాకంటే ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఆగమని అరవడంతోనే నా వయసంతా గడిచింది. ఇప్పుడు అరవక్కర్లేదు, పొద్దే గడవడం లేదు.