విని ఊరుకోండి

నా బీరువాలో ఒక కళ్లజోడుంది. నల్ల ఫ్రేము, ఒక పక్క కాడ విరిగితే దారం చుట్టి ఉంటుంది. అది పెట్టుకుని చూస్తే లోకం ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నవి వట్టి గాజుముక్కలు. అది మా చెల్లిది. చెల్లి కళ్లకి ఏ జబ్బూ లేదు. పోయేదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేది. అయినా ఆ జోడు పెట్టుకునే బతికింది. పెట్టించింది మేమే.

డెబ్బైల నాటి మాట. గన్నవరంలో బస్సు దిగి కాలవగట్టు మీద రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. నేను మిషన్ స్కూల్లో టీచర్ని. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ప్రశ్న అడిగాక పిల్లలు నీళ్లు నములుతుంటే జవాబు నేనే చెప్పేసి, ఇది కూడా తెలీదా అని తిట్టే రకాన్ని.

ఆ ఏడాది వానాకాలంలో మా మరిది చెల్లిని తీసుకొచ్చి గుమ్మంలో దింపాడు. "బాగయ్యాక కబురు పెట్టండి వదినగారూ" అని మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. అంతకు రెండు నెలల ముందు వాళ్ల పాప పోయింది. ఆరు నెలల పిల్ల. అందులో మూడు నెలలు ఏదో తెలియని జబ్బుతో ఏడుస్తూనే ఉంది. పాలు పట్టినా ఏడుపే, భుజాన వేసుకున్నా ఏడుపే. పాప పోయాక చెల్లి ఏడవలేదు. తల దువ్వుకోలేదు. కంచం ముందు పెడితే కంచం వైపు చూసేది, తీసేస్తే కంచం ఉన్నచోటు వైపు చూసేది. మేం ఏమడిగినా పలికేది కాదు.

అయ్యగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. అయ్యగారంటే మా పాస్టరుగారు. ఇరుగూ పొరుగూ తాయెత్తన్నారు, అమ్మ వద్దంది. చివరికి గన్నవరం లేడీ డాక్టరు చూసి, "ఇది నా మందులకి లొంగేది కాదమ్మా. బెజవాడలో ఒకాయన ఉన్నారు, సైకాలజిస్టు. కాలేజీలో పాఠాలు చెబుతారు, శనివారం సాయంత్రాలు సూర్యారావుపేటలో పేషంట్లని చూస్తారు. మాటలతోనే నయం చేస్తారు" అంది.

"మాటలతో నయమయ్యేదైతే నేనేమైనా తక్కువ మాట్లాడానా?" అంది అమ్మ. అదీ నిజమే. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

ఊళ్లో ఏం చెప్పాలన్నది పెద్ద బెంగైపోయింది. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నామంటే ఇంకేమైనా ఉందా, అత్తారింటి దాకా పాకుతుంది. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టగలమా? అందుకని కంటి డాక్టరన్నాం. ఏడ్చి ఏడ్చి చూపు మందగించిందన్నాం. ఏడవని పిల్ల గురించి అలా చెప్పడానికి నాకు నోరెలా వచ్చిందో!

మొదటి శనివారం ఒంటిపూట బడి చూసుకుని బస్సెక్కాం. ఏలూరు రోడ్డులో దిగి ఎవర్నీ అడక్కుండానే ఇల్లు వెతుక్కున్నాం, అడిగితే ఎందుకంటారేమోనని. డాబా ఇల్లు, వరండాలో చెక్క బెంచీ, లోపల చిన్న గది. స్టెతస్కోపు లేదు, సూది లేదు, మందుల అలమరా లేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, మూల మంచినీళ్ల కూజా. ఆయన నాకంటే పదేళ్లు పెద్దేమో. కూర్చోమన్నారు. చెల్లి వైపు చూసి, "ఆకలేస్తోందా అమ్మా?" అని అడిగారు.

"వెయ్యడం లేదండీ" అన్నాను.

"నిద్ర పడుతోందా?"

"ఎక్కడండీ, మంచమ్మీద కళ్లు తెరుచుకునే పడుకుంటుంది."

"మనసులో ఎలా ఉంది?"

"దిగులండీ."

ఆయన కలం పక్కన పెట్టేసి నావైపు తిరిగారు. "మరి మీకు నిద్ర పడుతోందా అండీ?" అన్నారు. వెటకారమనుకుని ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే వెటకారం కాదేమో అనిపిస్తుంది. నన్ను ఆ మాట అడిగినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పారు. "నేను మందులు రాయనండీ. యాభై నిమిషాలు ఈ గదిలో మీ చెల్లెలూ నేనూ కూర్చుంటాం. మాట్లాడితే వింటాను. మాట్లాడకపోతే ఊరికే కూర్చుంటాం, అదీ పనికొస్తుంది. ఒక వారంలో తేలదు, రెండు వారాల్లో తేలదు. ఒక్కోసారి బాగవబోయే ముందు ఇంకాస్త కష్టంగా ఉంటుంది, భయపడొద్దు. ఇక్కడ ఆమె అన్నమాట ఈ గుమ్మం దాటదు. మీరు దారిలో గుచ్చి గుచ్చి అడక్కండి. తనంతట తను చెబితే వినండి. విని ఊరుకోండి."

"ఊరుకోవడమేమిటండీ? ఏదో ఒకటి చెప్పొద్దా?"

"అదే కష్టమండీ" అని లేచి నాకు తలుపు తీశారు. చెల్లి ఆయన్ని కాదు, నన్నే చూస్తోంది.

నేను వరండా బెంచీ మీద కూర్చున్నాను. లోపల్నించి చిన్న చప్పుడైనా రాలేదు. యాభై నిమిషాలకి చెల్లి బయటికొచ్చింది, ఎలా వెళ్లిందో అలాగే. చీటీ లేదు, బిళ్లలు లేవు. వచ్చే శనివారం రమ్మన్నారు, అంతే. ఊరికే కూర్చోడానికి ఇంత దూరం రావాలా అని బస్సులో గొణుక్కున్నాను.

రెండో వారమూ అంతే. మూడో వారానికి ఊళ్లో ఆరాలు మొదలయ్యాయి. "రెండుసార్లు కంటి డాక్టరు దగ్గరికెళ్లి జోడు లేకుండా వస్తారేంటి?" అని ఎదురింటావిడ అడిగిందట. అమ్మ కంగారుపడిపోయి, వచ్చేటప్పుడు జోడు లేకుండా ఇంటికి రావద్దంది. ఏలూరు రోడ్డులో కళ్లజోళ్ల కొట్టు ముందు నిలబెట్టి చెల్లి ముఖానికి ఫ్రేములు పెట్టి చూశాను. "పవరెంతండీ?" అన్నాడు కొట్టతను. "పవరొద్దు, వట్టి అద్దాలు బిగించండి" అన్నాను. అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అద్దంలో తన ముఖం చూసుకుని చెల్లి పెదవి కొంచెం కదిలింది. నవ్వే అది. పాప పోయాక మళ్లీ చూడని నవ్వు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

నిజం చెప్పాలంటే అప్పటికే మార్పు మొదలైంది. తల దువ్వుకుంటోంది. అన్నం అడగదు గానీ పెడితే తింటోంది. చాట ముందు పెడితే బియ్యం ఏరుతోంది. మాట ఒక్కటే రావాలి. ఆ ఒక్కటీ వస్తే నా చెల్లి నాకు దక్కుతుందని బెంచీ మీద కూర్చుని వేళ్లు విరుచుకునేదాన్ని.

నాలుగో శనివారం ఎర్రటి కళ్లతో బయటికొచ్చింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, "వచ్చే వారం తప్పకుండా రండమ్మా" అన్నారు. లోపల అంతా చెప్పేసిందనుకున్నాను. సంతోషమేసింది. ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అడక్కూడదని పళ్లు బిగబట్టుకున్నాను. నిడమానూరు దాటాక తనే అంది.

"అక్కా, పాప ఏడుపు ఆగిపోయిందని తెలిసినప్పుడు నాకు హాయిగా అనిపించింది."

కిటికీ బయటికే చూస్తోంది.

"వాళ్లు పాపని తీసుకెళ్లారు. నేను పడుకున్నా. సాయంత్రం దాకా లేవలా. అంత మంచి నిద్ర ఎప్పుడూ పోలేదక్కా."

ఆవేళ అలిసిపోయి పడుకుందిలే అనుకున్నాం అందరం. నేను కూడా. బస్సులో నేనేమీ అనలేదు. చెయ్యి పట్టుకున్నాను కూడా. తను నా భుజమ్మీద తల వాల్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది.

ఆ మాట నాలో ఇమడలేదు. ఇంటికెళ్లాక చెల్లి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే వంటింట్లో అమ్మకి చెప్పేశాను. ఎందుకు చెప్పానని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. చెల్లి మేలు కోరి అని చాన్నాళ్లు అనుకున్నాను. కాదు, నాకు భయమేసింది. ఆ బరువు ఇంకొకరి మీద పడేస్తే తప్ప అన్నం మింగుడుపడేలా లేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ప్రభువా" అంది.

శుక్రవారం మా గుడిలో స్త్రీల ఉపవాస కూటం. పాట పాడాక ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థన మనవి చెబుతారు. కొడుక్కి జ్వరమనో, గేదె ఈనలేదనో, మొగుడు తాగుతున్నాడనో. అందరూ కలిసి ఆ మనవి కోసం మోకరిస్తారు. మనవి చెప్పడం అంటే గుట్టు విప్పడమని అక్కడెవరూ అనుకోరు. నేను బడి నుంచి తిన్నగా వెళ్లేసరికి అమ్మ నిలబడి ఉంది.

"నా చిన్న కూతురు బిడ్డ పోయినప్పుడు లోపల సంతోషపడింది. ఆ పాపమే దాన్ని పట్టి పీడిస్తోంది. క్షమాపణ దొరకాలని ప్రార్థన చెయ్యండమ్మా" అంది, బొటబొటా కన్నీళ్లు కారుస్తూ.

చెల్లి చాప మీద నెత్తిన ముసుగుతో, ఆ గాజు ముక్కల జోడుతో కూర్చుని ఉంది. అయ్యగారి భార్య లేచి వెళ్లి చెల్లి తలమీద చెయ్యి పెట్టింది. ముప్పై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కొందరు నిజంగానే ఏడ్చారు. చెల్లి ఆ చేతి కింద కదలకుండా కూర్చుని తలుపు దగ్గరున్న నన్ను చూసింది. మొదటిరోజు ఆ గదిలో చూసినట్టే చూసింది.

ఇంటికొచ్చాక అమ్మ మీద అంతెత్తున లేచాను. "ప్రార్థన పెట్టించాను గానీ పుకారు పుట్టించానా?" అంది అమ్మ. ఆమె నమ్మకం ఆమెది. ఆమెని అని ఏం లాభం? మాట అందించింది నేను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నెలన్నరకి మరిది వచ్చి తీసుకెళ్లాడు. బాగైపోయిందనే అందరూ అన్నారు. వండింది, వడ్డించింది, మరో బిడ్డ వద్దంది, ఎవరేమన్నా తలూపింది. పోయేదాకా అలాగే గడిపింది. కళ్లజోడు తియ్యమని నేను చెప్పినప్పుడల్లా, "ఉండనీ అక్కా, అలవాటైపోయింది" అనేది. పాప ఊసు మళ్లీ ఎత్తలేదు.

కూటం మర్నాడు శనివారం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బడి నుంచి పరుగున వచ్చి చీర మార్చుకుని, "లే, బస్సు టైమైంది" అన్నాను. చెల్లి వసారాలో బియ్యం ఏరుతోంది, లేవలేదు. బతిమాలాను. పక్కన చతికిలబడ్డాను.

"తప్పు నాది. నన్ను తిట్టు, కొట్టు. ఆయనేం చేశాడే? నువ్వు చెప్పిందంతా కడుపులో పెట్టుకున్నాడు కదా. ఆయన దగ్గరికి రావడానికేం?"

"ఆయనకి చెప్పలేదక్కా" అంది.

"ఏంటి చెప్పనిది?"

"నిద్ర సంగతి. పాప పేరొక్కటే చెప్పా. దానికే ఏడుపొచ్చేసింది." చాటలోంచి ఒక రాయి తీసి అవతల వేసింది. "ముందు నీకు చెప్పి చూద్దామనుకున్నా. నువ్వు విని ఊరుకుంటే, ఆయనకి చెబుదామని."

జోడు పైకి తోసుకుని మళ్లీ చాటలోకి వంగింది. నేను మార్చుకున్న చీరతోనే అక్కడ కూర్చుండిపోయాను. బస్సు టైము దాటిపోయింది.