పడవ పేరు కనబడాలి

అంత బరువూ అంత ఖరీదూ ఉన్న లెన్స్ అవసరమా అని ఎవరడిగినా నేనొక ఫొటో చూపిస్తాను. నిజానికి అది ఏ చిన్న లెన్స్‌తోనైనా వచ్చేదే.

బైక్ అమ్మి కొన్న లెన్స్ నాది. జూమ్ లేదు. కానీ చీకట్లో కూడా మనిషి కళ్లు మెరిసేలా, వెనకున్నదంతా మసకయ్యేలా తీస్తుంది. విశాఖ వెళ్లినప్పుడు, తెల్లవారకముందే యారాడ ఒడ్డున వలలో నాచు ఏరుతున్న ఒక తాతని అడిగి ఫొటో తీశాను. ముఖంలో ప్రతి ముడతా వచ్చింది. గర్వంగా చూపించాను.

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "నాను బాగానే ఉన్నాను బాబూ. నా పడవేదీ?"

వెనకున్న నీలిరంగు మసకే పడవ అన్నాను. అలా రావడానికే ఈ లెన్స్ కొన్నానని కూడా చెప్పాను.

"డబ్బులెట్టి మరీ సెరిపేత్తారేటి? దాని మీద మా యమ్మ పేరుంది. అది కనబడకపోతే నానెవుడినని తెలుత్తాది?"

పేరు కూడా కనబడేలా ఇంకోటి తీస్తానన్నాను. ఎండ వచ్చేదాకా ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. అప్పుడాయన తువ్వాలు తడిపి, తన ముఖం కాదు, పడవ మీది పేరు తుడిచాడు. పక్కన నిటారుగా నిలబడ్డాడు. పడవంతా పట్టాలంటే నేనే వెనక్కి నడవాలి. నడుస్తూ నడుస్తూ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగాను.

"ఇప్పుడిద్దరం కనబడతన్నామా?" అని ఒడ్డు నుంచి అరిచాడు.

"ముగ్గురూ కనబడుతున్నారు తాతా, నూకాలమ్మగారితో సహా!"